ఎర్రదీపం ఎందుకు ఆరలేదు?

పాతకారు చార్జింగు తంటాలు - వాటి వెనుక ఉన్న విజ్ఞానం

అంబాసిడర్ కారును మీరు చూసే ఉంటారు. గుండ్రని నడుము, ముందు రెండు పెద్ద కళ్లలాంటి దీపాలు, లోపల ఆరుగురు సర్దుకొని కూర్చునేంత చోటు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు దీనికి మాతృక. కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం దీనిని 1950ల చివరి నుంచి 2014 వరకు తయారుచేసింది. ఒకప్పుడు జిల్లా పట్టణాలలో టాక్సీ అంటే చాలావరకు అంబాసిడరే. ఈనాడు కొత్తది దొరకదు. కాని పాత కార్లను ప్రాణంగా చూసుకొనేవాళ్లు ఇంకా ఉన్నారు.

అటువంటి కారు ఒకటి ధర్మపురిలో ఉన్నదనుకోండి. ఫాల్గుణమాసం, నరసింహస్వామి ఉత్సవాల రోజులు. దర్శనం ముగించుకున్న కుటుంబాన్ని రాత్రికి కరీంనగర్ చేర్చాలి. దారి దాదాపు 80 కిలోమీటర్లు. ఇంజను నడుస్తున్నది, కాని డ్రైవరు ఎదుట మీటర్ల పలకమీద ఒక చిన్న ఎర్రదీపం వెలుగుతూనే ఉన్నది. అది ఆరిపోవాలి, ఆరలేదు. కిందటి వారమే ఎవరో "బ్యాటరీ పోయిందన్నా, కొత్తది వెయ్యాలె" అంటే కొత్త బ్యాటరీ వేయించారు. మళ్లీ అదే కథ. ఇప్పుడు బయలుదేరవచ్చునా? బయలుదేరితే కారు కరీంనగర్ చేరుతుందా, లేక నడిదారిలో చీకట్లో ఆగిపోతుందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మెకానిక్కే కానక్కరలేదు. మీ భౌతికశాస్త్ర పాఠాలు చాలు. ఎలాగో చూద్దాం.

బ్యాటరీ గాబు, డైనమో మోటరు

పొలం దగ్గర బావిని గుర్తు తెచ్చుకోండి. బావిలోంచి మోటరు నీళ్లు తోడి గాబు నింపుతుంది. ఆ గాబులోంచి మనం నీళ్లు వాడుకుంటాం. గాబు నీళ్లను దాచుతుందే తప్ప పుట్టించదు. మోటరు చెడిపోతే ఎంత కొత్త గాబు కట్టినా రెండు రోజులలో అడుగంటుతుంది.

కారులో బ్యాటరీ గాబువంటిది. డైనమో మోటరువంటిది. ఇంజను తిరుగుతుంటే ఒక రబ్బరు బెల్టు డైనమోను తిప్పుతుంది. డైనమో పుట్టించిన విద్యుత్తు దీపాలకు, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్‌కు పోగా, మిగిలినది బ్యాటరీని నింపుతుంది. ఇంజను ఆగి ఉన్నపుడు బ్యాటరీ ఒక్కటే దిక్కు. పై కారులో కొత్త బ్యాటరీ కూడా ఎందుకు ఖాళీ అయిందో ఇప్పుడు మీకు తోచే ఉంటుంది. ఖాళీ అయిన గాబును చూశారేగాని, మోటరు నడుస్తున్నదా లేదా అని ఎవరూ చూడలేదన్నమాట.

గాబు లోపల

సీసపు పలకలు, సల్ఫ్యూరికామ్లం ఉన్న బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. ఈనాటి కారు బ్యాటరీ మూలసూత్రం అదే. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరు ఘటాలను వరుసగా కలిపితే 12 వోల్టులు.

బ్యాటరీ విద్యుత్తు ఇచ్చేటపుడు ఆమ్లంలోని సల్ఫేటు పలకలకు పట్టుకుంటుంది. ఆమ్లం పలచబడుతుంది. చార్జి చేసినపుడు సల్ఫేటు తిరిగి ద్రవంలోకి వస్తుంది, ఆమ్లం చిక్కబడుతుంది. కనుక ద్రవం ఎంత చిక్కగా ఉన్నదో తెలిస్తే బ్యాటరీలో ఎంత నిల్వ ఉన్నదో తెలుస్తుంది. హైడ్రోమీటరు చేసే పని ఇదే. నిండు బ్యాటరీలో ద్రవం నీటికంటె సుమారు 1.26 రెట్లు బరువుంటుంది. సగం ఖాళీ అయితే 1.20 దగ్గరికి, పూర్తిగా దిగిపోతే 1.12 దగ్గరికి వస్తుంది. హైడ్రోమీటరు లేకపోతే వోల్టుమీటరైనా చాలు. కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగం ఉన్నట్టు, 12కంటె తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టు.

తేడా ఎంత చిన్నదో చూశారా? నిండుకు, ఖాళీకి మధ్య ఒక వోల్టు కూడా లేదు. అందుకే "దీపం వెలుగుతున్నదిగదా, బ్యాటరీ బాగానే ఉంది" అని కంటితో తేల్చరాదు. కొలవాలి.

డైనమోకు మొదటి ఊపు ఎవరిస్తారు?

అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలితే దానిలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. సైకిలు డైనమోలో తిరిగేది శాశ్వత అయస్కాంతం. కారు డైనమోలో మాత్రం శాశ్వత అయస్కాంతం లేదు. ఇనుప ముక్కల చుట్టూ చుట్టిన తీగలో విద్యుత్తు పారితేనే అవి అయస్కాంతాలవుతాయి. ఈ చుట్టలను క్షేత్రపు చుట్టలు అంటారు. వాటి నడుమ తిరిగే తీగచుట్టల కట్ట పేరు ఆర్మేచర్. ఆర్మేచర్‌లో పుట్టిన విద్యుత్తును రాగి పలకల కమ్యుటేటరు ఒకే దిశకు మళ్లిస్తుంది. దానిని ఒరుసుకొనే రెండు కార్బన్ బ్రష్‌లు ఆ విద్యుత్తును బయటికి తెస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. క్షేత్రపు చుట్టలకు విద్యుత్తు కావాలి. దానిని ఇవ్వవలసింది ఆ డైనమోయే. మరి మొదట ఎవరు మొదలుపెట్టాలి? విత్తు ముందా, చెట్టు ముందా?

జవాబు ఇనుములోనే ఉన్నది. ఒకసారి అయస్కాంతమైన ఇనుము, విద్యుత్తు ఆపినా కొంచెం అయస్కాంతత్వాన్ని దాచుకుంటుంది. దీన్ని అవశేష అయస్కాంతత్వం అంటారు. డైనమో తిరగడం మొదలుపెట్టగానే ఈ కొద్దిపాటి శేషంవల్ల అర వోల్టో, ఒక వోల్టో పుడుతుంది. అది క్షేత్రపు చుట్టలలో పారి అయస్కాంతాన్ని కొంచెం బలపరుస్తుంది. దానితో వోల్టేజి ఇంకాస్త పెరుగుతుంది. ఇలా ఒకదానినొకటి పెంచుకుంటూ క్షణాలలో పూర్తి వోల్టేజికి వస్తాయి. జర్మనీలో వెర్నర్ సీమెన్స్ 1866లో ఈ సూత్రంతో యంత్రాన్ని నడిపి చూపాడు. ఏళ్ల తరబడి కొట్టంలో పడి ఉన్న కారులో ఈ శేషం తరిగిపోవచ్చు. అప్పుడు డైనమోలో ఏ భాగమూ చెడకపోయినా విద్యుత్తు పుట్టదు. మెకానిక్కు బ్యాటరీనుంచి క్షేత్రపు చుట్టకు ఒక్క క్షణం విద్యుత్తు తాకించి దానిని మళ్లీ మేల్కొలుపుతాడు.

ఇద్దరు కాపలాదారులు

బావిలోకి దించిన గొట్టం అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. మోటరు ఆగినపుడు గొట్టంలోని నీళ్లు బావిలోకి జారిపోకుండా అది ఆపుతుంది. కారులోనూ ఇటువంటి ఏర్పాటు ఉన్నది. దాని పేరు కటౌట్. ఇంజను మెల్లగా తిరిగేటపుడు డైనమో వోల్టేజి బ్యాటరీకంటె తక్కువ. అప్పుడు రెండిటినీ కలిపి ఉంచితే బ్యాటరీలోని విద్యుత్తు వెనక్కు డైనమోలోకి పారి వృథా అవుతుంది, తీగలు కాలిపోతాయి కూడా. అందుకని కటౌట్ తలుపు మూసి ఉంచుతుంది. డైనమో సుమారు 13 వోల్టులకు చేరగానే చిన్న విద్యుదయస్కాంతం రెండు మొనలను కలుపుతుంది, చార్జింగు మొదలవుతుంది.

రెండవ కాపలాదారు రెగ్యులేటరు. ఇంజను వేగం పెరిగినకొద్దీ డైనమో వోల్టేజి కూడా పెరుగుతూ పోతే బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు మాడిపోతాయి. వోల్టేజి హద్దు దాటబోతే రెగ్యులేటరు క్షేత్రపు చుట్ట దారిలో ఒక నిరోధాన్ని అడ్డుపెడుతుంది. అయస్కాంతం బలహీనపడుతుంది, వోల్టేజి దిగుతుంది. వెంటనే అడ్డు తీస్తుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇలా తెరుస్తూ మూస్తూ వోల్టేజిని 14 ప్రాంతంలో నిలబెడుతుంది. పాత కార్లలో ఈ ఇద్దరూ బానెట్ కింద ఒకే నల్లపెట్టెలో కాపురముంటారు.

ఎర్రదీపం చెప్పే మాట

ఇప్పుడు మన ఎర్రదీపం దగ్గరికి వద్దాం. దానికి రెండు కొసలు. ఒక కొస తాళంచెవి స్విచ్చి మీదుగా బ్యాటరీకి కలిసి ఉంటుంది. రెండవ కొస నేలకు, అంటే కారు శరీరానికి కలిసి ఉంటుందని మీరు అనుకోవచ్చు. కాదు. అది డైనమోకు కలిసి ఉంటుంది. అంటే ఈ దీపం బ్యాటరీకి, డైనమోకు నడుమ వేలాడుతున్న తక్కెడ ముల్లువంటిది.

ఇంజను ఆగి ఉన్నపుడు తాళంచెవి తిప్పితే ఒక పక్క 12 వోల్టులు, మరో పక్క సున్న. తేడా పెద్దది కనుక దీపం వెలుగుతుంది. ఇంజను తిరిగి డైనమో పుంజుకొని రెండు పక్కలా వోల్టేజి సమానమైతే, తేడా లేదు, దీపంలో విద్యుత్తు పారదు, ఆరిపోతుంది. దీపం ఆరడం అంటే దానికి విద్యుత్తు అందకపోవడం కాదు, రెండు వైపులనుంచీ సమానంగా అందడం!

దీన్ని మీరే చేసి చూడవచ్చు. నాలుగు టార్చి సెల్లులు, 2.5 వోల్టుల టార్చి బల్బు, కొంచెం తీగ తెచ్చుకోండి. బల్బు లోపల సన్నని తీగ వెలిగేదై ఉండాలి. ఎల్.ఇ.డి. రకం పనికిరాదు. రెండు సెల్లులను వరుసగా పెట్టి దానిని "బ్యాటరీ" అనుకోండి. దాని ధనధ్రువంనుంచి బల్బుకు ఒక తీగ కలపండి.

మొదట బల్బు రెండవ కొసను తిన్నగా "బ్యాటరీ" ఋణధ్రువానికి కలపండి. ఇది ఆగి ఉన్న డైనమో. బల్బు కాంతిగా వెలుగుతుంది. తరవాత అదే దారిలో ఒక సెల్లును అడ్డంగా పెట్టండి. దాని ధనధ్రువం బల్బు వైపు, ఋణధ్రువం "బ్యాటరీ" ఋణధ్రువం వైపు ఉండాలి. ఇది మెల్లగా తిరిగే డైనమో. బల్బు మసకబారుతుంది. చివరగా రెండు సెల్లులు అలాగే పెట్టండి. బల్బు ఆరిపోతుంది. మొత్తం నాలుగు సెల్లులున్నా వెలుగు లేదు! ఒక్కొక్క అమరికను రెండు మూడు క్షణాలకంటె ఎక్కువసేపు ఉంచకండి. మామూలు టార్చి సెల్లులోకి వెనక్కు విద్యుత్తు పంపడం మంచిది కాదు.

చేయి పెట్టకముందే చేసే లెక్క

ధర్మపురిలో నిలిచిన మన కారుకు ఒక లెక్క వేద్దాం. ముందు దీపాలు రెండు, ఒక్కొక్కటి 45 వాట్లు, మొత్తం 90 వాట్లు. 90ని 12తో భాగిస్తే 7.5 ఆంపియర్లు. వెనుక దీపాలకు, మీటర్ల దీపాలకు కలిపి 2 ఆంపియర్లు, ఇగ్నిషన్‌కు 3 ఆంపియర్లు అనుకుందాం. మొత్తం 12.5 ఆంపియర్లు.

బ్యాటరీ 50 ఆంపియర్-గంటలది అయితే, నిండుగా ఉన్నపుడు 50ని 12.5తో భాగించగా 4 గంటలు వస్తుంది. సగమే ఉంటే 2 గంటలు. గంటకు 40 కిలోమీటర్ల చొప్పున 80 కిలోమీటర్లకు పట్టేది కూడా 2 గంటలే! పైగా బ్యాటరీ దిగుతున్నకొద్దీ దీపాలు ముందుగానే మసకబారతాయి. లారీలు ఎదురుగా వచ్చే దారిలో మసక దీపాలతో పోవడం ప్రాణాలతో చెలగాటం. కనుక రాత్రి బయలుదేరరాదు.

పగలయితే? దీపాలు అక్కర లేదు. ఇగ్నిషన్‌కు 3 ఆంపియర్లు మాత్రమే. సగం బ్యాటరీయే 8 గంటలు వస్తుంది. బెల్టు బాగా ఉంటే, దారిలో ఎక్కడా ఇంజను ఆపకుండా ఇల్లు చేరవచ్చు. ఒక్క లెక్కతో ఎంత పెద్ద నిర్ణయం తేలిందో గమనించండి.

మరి "సెల్ఫ్" మాటేమిటి? ఇంజనును మొదట తిప్పే స్టార్టరు మోటరు సుమారు 200 ఆంపియర్లు లాగుతుంది. భయంకరంగా ఉన్నదిగదూ! కాని అది లాగేది మూడు సెకన్లే. 200 × 3 = 600 ఆంపియర్-సెకన్లు. డైనమో బ్యాటరీకి 10 ఆంపియర్లు ఇస్తే ఆ లోటు సుమారు ఒక నిమిషంలో పూడుతుంది. బ్యాటరీని నిజంగా ఖాళీ చేసేవి గంటల తరబడి వెలిగే దీపాలు.

ఉత్సవాల రద్దీలో ఇంకొక మోసం ఉన్నది. జనంలో కారు నత్తనడక నడుస్తుంటే ఇంజను మెల్లగా తిరుగుతుంది. అంత తక్కువ వేగంలో పాత డైనమో చార్జి చేయలేదు. ఎర్రదీపం మినుకుమినుకుమంటుంది. దీపాలు, హారను మాత్రం బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. కారులో ఏ లోపమూ లేకున్నా బ్యాటరీ దిగిపోతుంది. ఇంజను వేగం కొంచెం పెంచగానే దీపం పూర్తిగా ఆరితే అది జబ్బు కాదు.

లోపాన్ని వెదికే పద్ధతి

చార్జింగు వ్యవస్థ ఒక గొలుసు. బెల్టు, డైనమో, తీగలు, నల్లపెట్టె, బ్యాటరీ. ఏ లంకె తెగినా ఫలితం ఒకటే. అందుకని తోచిన భాగం మార్చడం కాక, ఒక్కొక్క పరీక్షతో "లోపం ఇటా, అటా?" అని గొలుసును సగానికి సగం తగ్గించుకుంటూ పోవాలి. తేలికైనవి ముందు, కష్టమైనవి వెనుక.

మొదటి మెట్టు, ఎర్రదీపం. ఇంజను తిప్పకుండా తాళంచెవి మాత్రం తిప్పండి. దీపం వెలగాలి. వెలగకపోతే ముందు ఆ బల్బే మాడిందేమో చూడాలి. సాక్షి మూగవాడైతే సాక్ష్యం లేదుగదా! తరవాత ఇంజను నడపాలి. వేగంలో దీపం ఆరితే మంచిదే. కాంతిగా వెలుగుతూనే ఉంటే డైనమో ఏమీ పుట్టించడం లేదు. వేగంలో కూడా మసకగా వెలిగితే ఎంతో కొంత పుడుతున్నది, కాని బెల్టు జారుతున్నది, లేదా బ్రష్‌లు అరిగాయి, లేదా కటౌట్ మొనలు మురికిపట్టి సరిగా కలవడం లేదు.

రెండవ మెట్టు, బెల్టు. ఇంజను ఆపి, తాళంచెవి తీసివేసి, బెల్టు పొడవాటి భాగాన్ని బొటనవేలితో నొక్కండి. ఒకటి రెండు సెంటీమీటర్లు దిగితే సరి. అంతకంటె ఎక్కువైతే వదులు. బెల్టు లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టు గుర్తు. అసలు బెల్టే తెగితే అది మరీ తొందరపెట్టే సంగతి. అంబాసిడర్‌లో ఆ బెల్టే నీటి పంపును, ఫ్యానును తిప్పుతుంది. బెల్టు లేకుండా నడిపితే కొద్ది దూరంలోనే ఇంజను మసలిపోతుంది. అందుకే దారిలో ఎర్రదీపం హఠాత్తుగా వెలిగితే, కారును పక్కకు ఆపి మొదట బెల్టును చూడాలి.

మూడవ మెట్టు, బ్యాటరీ. పైన తెల్లని, పచ్చని పొడి పట్టిందా? బిగింపులు వదులుగా ఉన్నాయా? ఘటాలలో ద్రవం పలకలను ముంచి ఉన్నదా? వేసవిలో 45 డిగ్రీల ఎండలు కాసే మన ఉత్తర తెలంగాణలో నీరు త్వరగా తగ్గుతుంది. స్వేదనజలం మాత్రమే పోయాలి. బావి నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. ఇక్కడ ఒక సూచన దొరుకుతుంది. ఆరు ఘటాలలోనూ నీరు తొందరగా తగ్గుతుంటే రెగ్యులేటరు హద్దు తప్పి అతిగా చార్జి అవుతున్నదేమో అనుమానించాలి. ఒక్క ఘటంలోనే తగ్గితే జబ్బు ఆ ఘటానిది.

నాలుగవ మెట్టు, వోల్టుమీటరు. ఇంజను ఆగి ఉన్నపుడు బ్యాటరీ వోల్టేజి రాసుకోండి. తరవాత ఇంజనును ఓ మోస్తరు వేగంతో నడిపిస్తూ మళ్లీ కొలవండి. 12.4 ఉన్నది 14 దాకా పెరిగితే చార్జింగు జరుగుతున్నది. పెరగకపోతే జరగడం లేదు. 15 దాటితే అతిగా జరుగుతున్నది. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే మన ధర్మపురి కారుకు కొత్త బ్యాటరీ ఖర్చు తప్పేది.

అయిదవ మెట్టు, డైనమోను ఒంటరిగా పరీక్షించడం. ఇది మెకానిక్కు చేస్తుండగా మీరు పక్కన నిలబడి చూడవలసినది. డైనమోమీద రెండు కొసలుంటాయి. లావుది డి, సన్ననిది ఎఫ్. డి ఆర్మేచర్‌ది, ఎఫ్ క్షేత్రపు చుట్టది. వాటికి వచ్చే తీగలను ఊడదీసి, రెండు కొసలనూ ఒక తీగముక్కతో కలిపి, అక్కడికి, కారు శరీరానికి మధ్య వోల్టుమీటరు పెడతాడు. ఇంజనును మెల్లగా నడిపి, వేగం కొంచెం కొంచెం పెంచుతాడు. మీటరు చకచకా పైకి పోతే డైనమో బాగున్నట్టే. 20 వోల్టులు దాటనివ్వడు, ఎందుకంటే ఇప్పుడు రెగ్యులేటరు కాపలా లేదు.

మీటరు పైకి పోకపోతే, అది చూపే అంకెలోనే జబ్బు పేరు ఉంటుంది. అర వోల్టునుంచి ఒక వోల్టు దగ్గర ఆగిందా? అది అవశేష అయస్కాంతత్వం పుట్టించినది మాత్రమే. అంటే క్షేత్రపు చుట్ట దానికి తోడు రావడం లేదు, ఆ చుట్టలో లోపం ఉన్నది. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగిందా? ఆర్మేచర్ చుట్టలను అనుమానించాలి. అసలు ఏమీ చూపలేదా? బ్రష్‌లు అరిగిపోయి కమ్యుటేటరును తాకడం లేదేమో చూడాలి. పైన చదివిన ఇనుములోని "శేషం" ఇక్కడ ఎలా పనికివచ్చిందో చూశారుగదా!

డైనమో బాగానే ఉన్నదని తేలితే, మిగిలినవి దానికీ నల్లపెట్టెకూ మధ్య తీగలు, పెట్టెలోని కటౌట్, రెగ్యులేటరు. తీగలను మనమే చూడవచ్చు. పెట్టె సర్దడం మాత్రం అనుభవం ఉన్నవారి పని.

దీపాలు వెలుగుతాయి, సెల్ఫ్ తిరగదు!

ఈ వింత చాలామందిని తికమకపెడుతుంది. ఓమ్ నియమం దగ్గర దీనికి జవాబు ఉన్నది. బ్యాటరీ బిగింపు దగ్గర మురికి పట్టి 0.05 ఓముల నిరోధం ఏర్పడిందనుకోండి. దీపాలు లాగే 8 ఆంపియర్లకు అక్కడ నష్టమయ్యే వోల్టేజి 8 × 0.05 = 0.4. కంటికి తేడా తెలియదు. స్టార్టరు 120 ఆంపియర్లు లాగబోతే మాత్రం నష్టం 120 × 0.05 = 6 వోల్టులు! సగం వోల్టేజి మురికిపాలు. స్టార్టరు "టక్" అని ఊరుకుంటుంది. ఆ బిగింపు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది కూడా. బ్యాటరీ మార్చనక్కరలేదు. బిగింపును విప్పి, వేడినీటితో కడిగి, గీకి, బిగించి, పైన వాసెలిన్ రాస్తే చాలు. బ్యాటరీనుంచి కారు శరీరానికి పోయే ఎర్త్ తీగ రెండు కొసలనూ ఇలాగే చూడాలి.

ఆల్టర్నేటరు ఉన్న కార్లు

తరవాతి కాలపు అంబాసిడర్లలో డైనమో స్థానంలో ఆల్టర్నేటరు వచ్చింది. ఇందులో అయస్కాంతం తిరుగుతుంది, విద్యుత్తు పుట్టే చుట్టలు కదలవు. పుట్టిన ఏకాంతర విద్యుత్తును సిలికాన్ డయోడులు ఏకముఖంగా మారుస్తాయి. డయోడు ఒకవైపే దారి ఇస్తుంది కనుక కటౌట్ అవసరం లేదు. తక్కువ వేగంలో కూడా ఇది చార్జి చేస్తుంది.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. డైనమోకు చెప్పిన అయిదవ పరీక్ష దీనికి పనికిరాదు. ఇక ఆల్టర్నేటరుకు సాధారణంగా మొదటి ఊపు ఇచ్చేది ఎర్రదీపం గుండా వచ్చే విద్యుత్తే. కనుక ఆ చిన్న బల్బు మాడితే కొన్ని కార్లలో చార్జింగే మొదలుకాదు!

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

చార్జి అయ్యే బ్యాటరీనుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాని దగ్గర అగ్గిపుల్ల గీయరాదు, బీడీ సిగరెట్లు ఉండరాదు. ఆమ్లం కంట్లోగాని, ఒంటిమీదగాని పడితే వెంటనే చాలా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. పని చేసేటపుడు ఉంగరాలు, కంకణాలు తీసివేయాలి. బ్యాటరీ కొసలమధ్య లోహం తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ విప్పేటపుడు మొదట ఎర్త్ కొసను విప్పాలి, బిగించేటపుడు దానిని చివర బిగించాలి. కొన్ని పాత కార్లలో ధనధ్రువాన్ని ఎర్త్ చేసేవారు. చూసుకోకుండా తారుమారు చేయరాదు. తిరిగే ఫ్యాను దగ్గర తువ్వాళ్లు, వేలాడే చేతులు ఉండరాదు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి "ఇంజను ఆగలేదు, కనుక చార్జింగు బాగుంది" అని చెప్పేవారు కనిపిస్తారు. ఇది పరీక్ష కాదు, ప్రమాదం. బ్యాటరీ ఆసరా తప్పిన క్షణంలో వోల్టేజి ఎగసి బల్బులు మాడవచ్చు, ఆల్టర్నేటరు డయోడులు చెడిపోవచ్చు. ఎప్పుడైనా పెద్దవారి సమక్షంలోనే ఈ పనులు చూడండి.

ధర్మపురినుంచి రామగుండం దాకా

కారు డైనమో ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు, 13 వోల్టులు. అంటే 260 వాట్లు. ధర్మపురికి దిగువన గోదావరి దగ్గరే రామగుండంలో ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం ఉన్నది. అక్కడి మొదటి యూనిట్ 1983లో పని ప్రారంభించింది. తరవాత వచ్చిన పెద్ద యూనిట్లు ఒక్కొక్కటి 500 మెగావాట్లవి. అటువంటి ఒక్క యూనిట్, సుమారు 19 లక్షల కారు డైనమోల పెట్టు. అయినా అక్కడ కూడా పనిచేస్తున్నది ఫారడే నియమమే. దాని అయస్కాంతానికీ విద్యుత్తు అందించాలి, దాని వోల్టేజికీ కాపలా ఉండాలి. చిన్న యంత్రాన్ని బాగా అర్థం చేసుకున్నవారికి పెద్ద యంత్రం పరాయిది కాదు.

మీరే ఆలోచించండి

1. ఇంజను ఆపి తాళంచెవి తిప్పితే ఎర్రదీపం వెలగలేదు. ముందు దీపాలు మాత్రం కాంతిగా ఉన్నాయి. లోపం ఎక్కడ?

2. 50 ఆంపియర్-గంటల నిండు బ్యాటరీ ఉన్న కారులో 2 ఆంపియర్ల చిన్న దీపాలు ఆర్పడం మరచిపోయారు. సగం బ్యాటరీ ఎన్ని గంటలలో ఖర్చవుతుంది?

3. నడిచేటపుడు ఎర్రదీపం చక్కగా ఆరుతున్నది, వోల్టుమీటరు 14 చూపుతున్నది. అయినా ప్రతి ఉదయం బ్యాటరీ దిగిపోయి ఉంటున్నది. ఏమి చేయాలి?

జవాబులు

1. బ్యాటరీ బాగున్నట్టు ముందు దీపాలే చెబుతున్నాయి. ఎర్రదీపం బల్బునో, దాని తీగనో చూడాలి. 2. పన్నెండున్నర గంటలు. 3. చార్జింగులో లోపం లేదు. రాత్రి ఎర్త్ కొసను విప్పి ఉంచండి. ఉదయం కారు సులభంగా కదిలితే, రాత్రంతా ఎక్కడో విద్యుత్తు కారిపోతున్నట్టు. డిక్కీలోని దీపం వంటివి వెదకండి. అప్పటికీ దిగిపోతే మాత్రం బ్యాటరీకే వయసు మీరింది. మార్చవలసిన సమయం అదీ!